జవాబు వరకే

బిడ్డ పుట్టిన ఏడో రోజు మధ్యాహ్నం. పసివాడి గది. తండ్రి, కూతురు.

"కుడి చెయ్యి ముందు, నాన్నా."

"నాకు చెప్తున్నావా? నీకు గౌను తొడుక్కోవడం నేర్పిందే నేను. బిస్మిల్లాహ్... ఇదిగో, కుడి చెయ్యి వచ్చేసింది. ఇప్పుడు ఎడమది. పిడికిలి విప్పరా మనవడా. అబ్బో, ఏం పట్టురా బాబూ!"

"ఆ పట్టు ఎవరి పోలికో నాకు తెలుసు."

"ఎవరిదేంటి?"

"పంతం పడితే వదలనివాళ్లది. మనింట్లో అలాంటివాళ్లు ఒక్కళ్లే."

"నేను కుట్టిన చొక్కా భుజం దగ్గర ఎలా కూర్చుందో చూశావా? టేపు పెట్టలేదు. ఉత్త చూపుకొలత."

"మాట మార్చకు. బయట జనం వచ్చేస్తున్నారు. సాయంత్రం అసర్ నమాజు అవ్వగానే పేరు చెప్పాలి. ఆయన పెట్టిన షరతు గుర్తుందిగా?"

"ఏ ఆయన?"

"నా మొగుడు. నీ అల్లుడు. నీ కొట్టుకి ఎదురుగా రెడీమేడ్ షాపులో పనిచేసే మనిషి."

"పనా అది? అద్దాల వెనకాల బొమ్మలకి చొక్కాలు తొడగడం పనైతే, నేను పగలంతా మిషను తొక్కడాన్ని ఏమంటారు?"

"వాదన తర్వాత. పేరు మామయ్యే పెట్టాలి అన్నారు ఆయన. కాకపోతే ఆ పేరు నువ్వే స్వయంగా ఆయనకి చెప్పాలి. నాతో కబురు పంపితే చెల్లదు. నువ్వు చెప్పకపోతే తను అనుకున్న పేరు పెట్టేస్తారు."

"అది బెదిరింపు."

"షరతు."

"మనవడు పుడితే పేరు పెట్టేది నేనేనని నీ పెళ్లినాడే అందరి ముందూ చెప్పాను. అది అతనికీ తెలుసు."

"అందుకే ఈ షరతు."

"గడుసువాడు. కత్తెర పట్టడం నేర్పించానే గానీ ఇది నేను నేర్పలేదు."

"ఒక్క మాట నాన్నా. 'బాబూ, పిల్లాడి పేరు ఇదీ' అంటే నీ నోటి ముత్యాలు రాలిపోవు."

"రాలతాయి. ఆ శుక్రవారం జరిగింది మర్చిపొమ్మంటావా? జుమ్మా నమాజు. మొదటి వరస. నా పక్కనే నా అల్లుడు. వంటి మీద రెడీమేడ్ చొక్కా! పోనీ అనుకున్నాను. నుదురు నేలకి ఆన్చి సజ్దా చెయ్యడానికి వంగాడు. కాలరు వెనకాల నుంచి ధర చీటీ బయటికొచ్చి గాలిపటంలా ఊగింది. వెనక వరసంతా దగ్గే దగ్గు! నమాజులో నవ్వకూడదని దగ్గారమ్మా వాళ్లు!"

"తెలుసు. నువ్వు చెప్పినప్పుడల్లా ఆ చీటీ కొంచెం పెద్దదవుతోంది."

"మసీదు మెట్లు దిగేలోపు ఎంతమంది అడిగారో! 'దర్జీగారూ, మీ అల్లుడికి మీరు కుట్టరా?' అని."

"సరే. మరి నా చిన్నప్పుడు పక్కింటి పిల్లతో పోట్లాడి వస్తే నువ్వేం చెప్పావు? మూడు రోజులు దాటి ఎవరితోనూ మాట మానెయ్యకూడదనలేదూ? ఇద్దరిలో ముందు సలామ్ చెప్పినవాళ్లే మేలనలేదూ?"

"మాట మానేశానని ఎవరన్నారు? రోజూ నేను కొట్టు తలుపు తీసే వేళకి ఎదురుగా నిలబడి సలామ్ చెప్తాడు. నేను జవాబిస్తాను. సలామ్‌కి జవాబివ్వడం మన మీద బాధ్యత. అది ఎగ్గొట్టలేదు."

"అంటే జవాబు వరకే."

"జవాబు వరకే. ముందు చెప్పడం మేలు. జవాబు తప్పనిసరి. నేను తప్పనిసరి చేస్తున్నాను."

"మేలు ఆయనకి వదిలేశావు!"

"కుర్రాడు కదా, పుణ్యం సంపాదించుకోనీ."

"ష్! వస్తున్నారు."

"అస్సలాము అలైకుమ్."

"వ అలైకుమ్ అస్సలామ్ వ రహ్మతుల్లాహ్."

"మామయ్యా, కుర్చీలు బయట వెయ్యమంటారా, లోపలా?"

"తల్లీ, నీ కొడుక్కి చెప్పు. వాళ్ల నాన్నతో చెప్పమను. నీడ అటే తిరుగుతుంది, బయటే మేలని."

"వాడికి ఇంకా మాటలు రాలేదు నాన్నా."

"మంచిది. చాడీలు చెప్పడు."

"నేను విన్నాలెండి మామయ్యా. బయటే వేస్తాను. హా... హాచ్! అల్‌హమ్దులిల్లాహ్."

"యర్‌హముకల్లాహ్."

"యహ్‌దీకుముల్లాహ్, మామయ్యా."

"అయ్యబాబోయ్ నాన్నా, ఇవాళ ఏకంగా తుమ్ముకి కూడా జవాబొచ్చింది!"

"ఏం లేదు. 'అల్లాహ్ నిన్ను కరుణించుగాక' అన్నాను. అది అల్లాహ్‌కి పెట్టుకున్న మనవి. అతనితో కబుర్లు కాదు. ఒరేయ్ మనవడా, మీ నాన్న ఆ పెళ్లి కోటు తొడుక్కున్నాడేంట్రా? చంకల్లో బిగిసిపోయింది. లావెక్కాడు. రేపు కొట్టుకి తెచ్చి పడేస్తే రెండువైపులా వదులు చెయ్యొచ్చని చెప్పు."

"తెస్తాను మామయ్యా. ఇంకేమైనా..."

"మనవడా, ఇంకేం లేదని చెప్పు."

"సరే. బయట ఉంటాను. ఏమోయ్, అసర్ దగ్గర పడింది. పేరు..."

"నాకు గుర్తుంది, మీరు వెళ్లండి... చూశావా నాన్నా? పాపం, ఊపిరాడకపోయినా నువ్వు కుట్టిన కోటే తొడుక్కున్నారు."

"షాపులో ఇంకేం దొరకలేదేమో."

"ఆ షాపులో ఆయన్ని చూసి నవ్వుతారు, తెలుసా?"

"ఎందుకూ?"

"బొమ్మకి చొక్కా తొడిగేటప్పుడు కూడా బిస్మిల్లాహ్ అంటారట. కుడి చెయ్యే ముందు తొడుగుతారట. ఎడమ చెయ్యి ముందు పడితే మొత్తం విప్పి మళ్లీ మొదలెడతారట."

"బొమ్మకా?"

"బొమ్మకే. ఇదేం పిచ్చి అని యజమాని అడిగితే, 'మా గురువుగారు అలాగే నేర్పారు' అన్నారట."

"గురువంటే..."

"నీ కొట్టులో పని నేర్చుకునే రోజుల్లో నువ్వే అన్నావట కదా, బిస్మిల్లాహ్ అనకుండా తొడిగిన బట్టకి శుభం, బరకత్ ఉండదని."

"అన్నాను. బట్టకి అన్నాను గానీ, బొమ్మకి కూడానా! ఎడమది ముందు పడితే నిజంగానే విప్పుతాడు తల్లీ. మొన్న ఆ నీలం చొక్కా రెండుసార్లు విప్పాడు. నేను బొత్తాం ఏదో సరిపోలేదేమో అనుకున్నాను."

"నీకెలా తెలుసు?"

"రోడ్డు మీద పోతుంటే కనపడదా?"

"నీ మిషను గోడ వైపు ఉండేది కదా నాన్నా. ఇప్పుడు రోడ్డు వైపు ఎందుకు తిప్పావు?"

"వెలుతురు కోసం."

"నా పెళ్లి ముందు దాకా గోడ వైపు వెలుతురు బాగానే ఉండేది!"

"పేర్ల సంగతి చూద్దామా? టైమ్ అయిపోతోంది. అబ్దుల్ ఖుద్దూస్. ఎలా ఉంది?"

"బాగుంది. కానీ బడిలో అంత పొడుగ్గా ఎవరు పిలుస్తారు? అబ్దుల్ అంటే దాసుడు. దాసుణ్ణి తీసి పక్కన పెట్టేస్తే మిగిలేది అల్లాహ్ పేరు. 'ఖుద్దూస్ లెక్క తప్పు చేశాడు, బెంచీ ఎక్కించండి' అంటే నువ్వు వినగలవా?"

"తౌబా, తౌబా! వద్దు. షుఐబ్?"

"అందరూ కలిసి 'సోయబ్బూ' చేసేస్తారు. నాన్నా, నువ్వు ఉత్తుత్తినే చెప్తున్నావు. నీ మనసులో ఒకటుంది."

"ఎవరు చెప్పారు?"

"చొక్కా కుట్టుకొచ్చిన మనిషి పేరు కుట్టుకోకుండా వస్తాడా?"

"ఉంది. వీడు పుట్టిన రోజే అనుకున్నాను. ముందు వీడు వినాలి. చెవిలో అజాన్ ఎవరిచ్చారు?"

"వాళ్ల నాన్న. ఆస్పత్రిలో."

"కుడి చెవిలోనేనా?"

"కుడి చెవిలోనే."

"గొంతు తగ్గించి ఇచ్చాడా? పసివాడు ఉలిక్కిపడకుండా?"

"వాడేం ఉలిక్కిపడలేదు. ఇచ్చినాయనే ఏడ్చారు."

"ఊఁ... ఇటివ్వు వాణ్ణి. బిస్మిల్లాహ్. ఒరేయ్ నాన్నా, నీ పేరు అబ్దుస్సలామ్. వినపడిందా? అబ్దుస్సలామ్. శాంతినిచ్చేవాడి దాసుడివి నువ్వు."

"నాన్నా..."

"బడిలో కుదించి పిలుస్తారన్నావుగా, పిలవనీ. సలామ్ అంటారు. అది మనుషులు ఒకరికొకరు చెప్పుకునే మాట కూడా. వీణ్ణి అన్నానికి పిలిచినా, అల్లరి చేశాడని అరిచినా, నోట్లోంచి వచ్చేది మంచి కోరే మాటే."

"చాలా బాగుంది నాన్నా. ఎంత బాగుందంటే... అయ్యో, అజాన్! అసర్ వేళైపోయింది. మరి ఆయనకి ఎవరు చెప్తారు?"

"నువ్వు..."

"నేను చెప్తే చెల్లదు."

"ఒరేయ్ మనవడా, మీ నాన్నతో..."

"వీడు చెప్పినా చెల్లదు. నాన్నా, ఒక్కసారి. నా కోసం కాదు, ఈ పేరు కోసం. వీడికి ఈ పేరు పెట్టి, ఇంట్లో ఇద్దరూ జవాబు వరకే ఉంటే, రేపు వీడు అడగడూ?"

"వాణ్ణి నువ్వు తీసుకో. చొక్కా నలిగిపోతోంది."

"అడుగులు వినపడుతున్నాయి. వస్తున్నారు."

"వినపడింది."

"మళ్లీ ఆయనే ముందు చెప్తారు, నువ్వు..."

"సలామ్!"

"వ... వ అలైకుమ్ అస్సలామ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహూ! మామయ్యా! మీరు... ముందు మీరు నాకు..."

"నీకు ఎవరు చెప్పారయ్యా? నా మనవణ్ణి పిలుచుకున్నాను. వాడి పేరు అబ్దుస్సలామ్. విన్నావుగా? నా నోటితోనే విన్నావు. షరతు తీరింది. వెళ్లి జనానికి చెప్పు."

"అబ్దుస్సలామ్... మామయ్యా, నేను అనుకున్న పేరు కంటే... నేను మాత్రం... నాకే చెప్పారనుకుని జవాబిచ్చేశాను, క్షమించండి."

"పర్లేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జవాబు మంచిదే ఇచ్చావు."

"నాన్నా."

"ఏంటి తల్లీ?"

"నీ మనవడు ఇక్కడ, నా ఒళ్లో ఉన్నాడు. నువ్వు గుమ్మం వైపు తిరిగి పిలిచావు."