విత్తే రోజు నుంచి వెనక్కి లెక్క

1973వ సంవత్సరం జులై రెండవ తేదీ, సోమవారం ఉదయం, అనంతపురంలోని మన కళాశాల వాణిజ్యశాస్త్ర శాఖలో ఉపన్యాసకులుగా శ్రీ కదిరప్ప గారు బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి హాజరుపట్టీలో ఆయన సంతకం పక్కన పదకొండు గంటల పది నిమిషాలని నమోదై ఉంది. కళాశాల పది గంటలకే మొదలయ్యేది. ఆలస్యానికి కారణం బస్సు కాదు. రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్న ఒక గూడ్సు బండి కదిలేదాకా చూస్తూ నిలబడిపోయానని ఆయనే అనంతర కాలంలో ఒప్పుకున్నారు. ముప్పై మూడేళ్ల అధ్యాపక జీవితాన్ని ముగించుకుని 2006 జూన్ ముప్పయ్యో తేదీన పదవీ విరమణ చేస్తున్న ఈ సహృదయుని గురించి రాయవలసి వచ్చినప్పుడు, ఆయన వక్తృత్వం కన్నా, విద్వత్తు కన్నా ముందు ఆ ఆలస్యమే గుర్తుకు వస్తే తప్పు మాది కాదు.

గుత్తికి కొద్ది దూరంలోని ఒక మెట్ట సేద్యపు కుటుంబంలో జన్మించిన కదిరప్ప గారు, వాణిజ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న తరువాత రెండేళ్లపాటు గుంతకల్లులో ఒక రవాణా కంపెనీలో గుమాస్తాగా పనిచేశారు. మూటల మీద అంటించిన చీటీల్లోని ఊళ్ల పేర్లు చదివి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. కట్ని, ఇటార్సీ, మన్మాడ్, వాస్కో. తాను ఏనాడూ చూడని ఆ ఊళ్లను ఆయన మనసులోనే కట్టుకున్నారు. ఒక్కో ఊరికి ఒక్కో రకం వెలుతురు, ఒక్కో రకం గాలి ఇచ్చుకున్నారు. ఒక మూట ఇక్కడి ఎర్రమట్టి దుమ్ముతో బయలుదేరి ఎవరి గుమ్మంలోనో దిగుతుందని, ఆ ప్రయాణమంతా ఎవరో ఒకరు ముందుగా ఆలోచించి పెట్టారని తలుచుకుంటే ఆ వయసులోనే ఆయనకు ఒళ్లు పులకరించేదట.

కళాశాలలో చేరిన తొలి పాతికేళ్లు ఆయన జమాఖర్చుల పాఠాలే చెప్పారు, శ్రద్ధగానే చెప్పారు. అయితే మధ్యాహ్నపు తరగతుల్లో, బయట బీడు మీద ఎండ అలలు అలలుగా ఆడుతున్నప్పుడు, దూరాన గూడ్సు బండి కూత వినబడితే చాలు, వాక్యం సగంలో ఆగిపోయేది. సుద్దముక్క చేతిలోనే ఉండేది, చూపు కిటికీ దాటి ఎక్కడికో వెళ్లిపోయేది. విద్యార్థులు గోల చేసేవారు కాదు, వేచి ఉండేవారు. బండి శబ్దం సన్నగిల్లాక ఆయన తిరిగి వచ్చి ఆ వాక్యాన్ని ఆపిన చోటి నుంచే పూర్తి చేసేవారు. అధ్యాపకుల గదిలో మేము ఎంత ఆటపట్టించినా ఆయన చిరునవ్వు చెదిరేది కాదు.

1998 నాటికి మన పట్టభద్రుల పరిస్థితి అందరికీ తెలిసిందే. వాన లేదు, సేద్యం లేదు, చేతిలో బి.కాం. పట్టా తప్ప మరొకటి లేదు. బెంగళూరు వెళ్లినవాళ్లు గోదాముల్లో మూటలు మోస్తుంటే, ఆ మూటలు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే కుర్చీల్లో మరెవరో కూర్చునేవారు. ఆ కుర్చీల్లో మన పిల్లలు కూర్చోవాలన్నది కదిరప్ప గారు కళ్లు తెరుచుకుని కన్న కల. ఏడాదిపాటు అర్జీలు రాసి, పాఠ్యప్రణాళిక తానే కూర్చి, 1999లో సప్లై చైన్, లాజిస్టిక్స్ పేరిట ఒక సంవత్సరం డిప్లొమా తరగతిని ప్రారంభింపజేశారు. మేమంతా దానికి 'లారీ బి.కాం.' అని ముద్దుపేరు పెట్టాం. ఆ వెటకారంలో ఈ వ్యాసకర్త వాటా తక్కువేమీ కాదని ఇక్కడ సవినయంగా మనవి చేయవలసి ఉంది.

మొదటి జట్టులో ఇద్దరికి మాత్రమే పని దొరికింది. రెండో జట్టుకూ ఇదే గతి పడితే తరగతి ఎత్తివేయక తప్పదని యాజమాన్యం స్పష్టంగా చెప్పింది. అప్పుడే బత్తలపల్లె వైపు గ్రామాల రైతు సహకార సంఘం అధ్యక్షులు శ్రీ వెంకటప్ప గారు ఒక అవకాశం ఇచ్చారు. 2001 జూన్‌లో ఏడు పల్లెలకు వేరుశనగ విత్తనం చేరవేసే ఏర్పాటంతా విద్యార్థులే చూడాలి, అది సక్రమంగా జరిగితే సంఘం గోదాముల్లో ఆరు ఉద్యోగాలు వాళ్లకే. ఆరు ఉద్యోగాలంటే ఆరు కుటుంబాలు, వాటితోపాటు తరగతి ఆయుష్షు కూడా. ఆ వారమంతా కదిరప్ప గారు నేల మీద నడిచినట్టు మాకు కనిపించలేదు.

ప్రణాళిక వేసింది భారతి అనే విద్యార్థిని. రోజుకొక పల్లె చొప్పున, దగ్గరి పల్లె మొదలు, దూరపు పల్లె చివర. ఒక్క లారీ, ఒకే దారి, ఎక్కడా వెనక్కి తిరిగే పని లేదు. కదిరప్ప గారు దాన్ని మూడుసార్లు చదివి, కింద 'భేష్' అని రాసి సంతకం చేశారు. అనుకున్న తేదీకి అన్ని పల్లెల్లోనూ బస్తాలు దిగాయి. మరునాడే వాన కురిసింది. ఏళ్ల తరబడి చూడనంత మంచి వాన. ఆ మర్నాడు ఉదయం భారతిని వెంటబెట్టుకుని, రసీదుల మీద సంతకాలు తీసుకోవడానికి ఆయన చివరి పల్లె అయిన ముళ్లగుట్టపల్లెకు బస్సులో బయలుదేరారు. తడిసిన నేల వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. దారి పొడవునా చేలల్లో ఎద్దులు లాగే విత్తనపు గొర్రులు సాగుతున్నాయి, వాటి వెనక ఆడవాళ్లు గింజలు వదులుతూ నడుస్తున్నారు, మబ్బుల నీడలు ఎర్రటి సాళ్ల మీదుగా నెమ్మదిగా జరిగిపోతున్నాయి. కాగితం మీద గీసిన గీతలు చేలల్లో సాళ్లయి కళ్లముందు సాగుతున్నట్టు ఆయనకు తోచింది. ఆ బస్సు ఎప్పటికీ ఆగకపోతే బాగుండుననిపించిందని ఆయనే చెప్పారు.

బస్సు ఆగింది. ముళ్లగుట్టపల్లె చేలల్లో ఒక్క గొర్రూ లేదు. ఎద్దులు కొట్టాల్లోనే ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ ఆడా మగా, ముసలీ ముతకా వేరుశనగ కాయల కుప్పల చుట్టూ కూర్చుని వలుస్తున్నారు. చెన్నమ్మ అనే రైతు తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఏమప్పా సారూ, బుడ్డలు మొన్న దించితిరి, నిన్న వాన పడె. వలిచేదానికి చేతులు యాడుండాయి? కాయలతోనే విత్తమంటావా?"

"ఎన్ని దినాలు పడుతుందమ్మా?"

"మా ఊరు ఊరంతా కూసున్నా ఐదారు దినాలు. నేలలో పదును మూడు దినాలకు మించి ఉండదు. ముందరూళ్లోళ్లకు వారం ముందే ఇస్తిరి, వాళ్లు వలిచి పెట్టుకున్యారు. మేమేం పాపం చేసినాము?"

కాయ చేరితే విత్తనం చేరినట్టే అని రాసుకున్న ఆ ప్రణాళికలో, కాయకూ గింజకూ నడుమ ఉన్న చేతులు లేవు. కదిరప్ప గారు పరాయి ప్రాంతం వారు కాదు. ప్రతి వేసవి చివరా ఆయన తల్లి వసారాలో కూర్చుని, గింజ మీది ఎర్రపొర చెదరకుండా, రోజుల తరబడి విత్తనం వలిచేవారు. ఆమె వేళ్ల చివర్లు పగిలి ఉండడం ఆయన చూస్తూ పెరిగారు. అయినా ఆమె చేసినన్నాళ్లూ దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అందుకే పాతికేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి కూడా అది లెక్కలోకి రాలేదు. ఆ సంగతి తెలిసిన క్షణాన తనకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదని ఆయన చెప్పినప్పుడు మాలో ఎవరమూ నవ్వలేదు.

భారతి చేతిలో రసీదు పుస్తకం అలాగే ఉంది. చెన్నమ్మ వేలిముద్ర పడితే పని పూర్తయినట్టే, ఆరు ఉద్యోగాలూ వచ్చినట్టే.

"సార్, రసీదులో తేదీ సరిగ్గానే ఉండాది" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"తేదీ సరిగ్గానే ఉండాదమ్మా. చేనుకే సరిపోలేదు" అని ఆయన పుస్తకం మూయించారు.

ఆ బస్సులోనే తిరిగి బత్తలపల్లెకు వెళ్లి, వెంకటప్ప గారి ఎదుట నిలబడి, ఏర్పాటు చెడిందని, ప్రణాళిక చూసి సంతకం పెట్టినది తానేనని చెప్పారు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసుండదు గదా సారూ" అన్నారు వెంకటప్ప గారు.

"తెలుసన్నా. అందుకే చెప్పనీకి వస్తి."

"అట్లయితే ఆ ఉద్యోగాల మాట ఈ యేటికి మరిసిపో."

మరుసటి ఉదయానికి ముప్పై ఆరుమంది విద్యార్థులతో కదిరప్ప గారు ముళ్లగుట్టపల్లెలో ఉన్నారు. అవి రెండు పగళ్లు. ఆ రెండు పగళ్ల గురించి అడిగితే ఆయన కళ్లు ఇప్పటికీ సగం మూతపడతాయి. మబ్బు పట్టిన ఆకాశం, ఊరంతా టపటపమని ఒకే చప్పుడు, ఎవరికీ మాట్లాడాలనిపించని ఒక ప్రశాంతత. గింజ మీది పొర చిట్లినప్పుడల్లా "అది మొలవదు, పక్కన పెట్టు" అని చెన్నమ్మ హెచ్చరించేది. వలిచిన గింజ వలిచినట్టు చేలకు పోతూనే ఉంది. రెండోనాటి సాయంత్రానికి ఊరి చేలు దాదాపు అన్నీ విత్తారు. చెన్నమ్మ ఎకరా చేను మాత్రం మిగిలిపోయింది. అందరి ఇళ్లకూ తిరిగి వలిచిన ఆమె తన కాయలను చివరికి ఉంచుకుంది, అప్పటికి పదును ఆరిపోయింది. ఆ ఎకరాను కదిరప్ప గారు ఏ ఉపన్యాసంలోనూ దాచలేదు.

ఆ యేడు ఉద్యోగాలు రాలేదు. ఆ జులైలో తరగతిలో చేరినవారు తొమ్మిదిమందే. యాజమాన్యాన్ని బతిమాలి మరొక్క సంవత్సరం గడువు తీసుకుని, ఆయన పాఠ్యప్రణాళికను మొదటి పుట నుంచి తిరగరాశారు. సరుకు బయలుదేరే రోజు నుంచి కాక విత్తే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టడం, ఏ కాగితం ముట్టుకునే ముందైనా ఊరికి వెళ్లి 'ఈ పని ఎవరి చేతుల మీద, ఎన్ని రోజులు జరుగుతుంది' అని ఆ చేతులవాళ్లనే అడగడం ఆ తరగతి ఆచారమైంది. 2002 మే నెలలో వెంకటప్ప గారు తామే కళాశాలకు వచ్చారు. "లెక్క తెలిసినోళ్లు శానామంది దొరుకుతారు సారూ. తప్పిన లెక్కను నా ముందరికొచ్చి చెప్పేటోళ్లు గావాల నాకు" అన్నారు. నిరుటి జట్టులోంచే ఆరుగురిని తీసుకున్నారు, అందులో మొదటి పేరు భారతిది. ఆ యేటి విత్తనం ముళ్లగుట్టపల్లెకే మొదట వెళ్లింది. నాటి నుంచి ఈ నాలుగేళ్లలో మన 'లారీ బి.కాం.' పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై గోదాముల్లో, గుంతకల్లు సరుకు కార్యాలయాల్లో ఏ మూట ఎప్పుడు కదలాలో నిర్ణయించే కుర్చీల్లో కూర్చున్నారు. ఆ ముద్దుపేరును మేము ఎప్పుడో ఉపసంహరించుకున్నాం.

ఇప్పుడు ఆ తరగతి ఎవరి చేతుల్లో పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కదిరప్ప గారు ఒక్క పేరే చెప్పారు. ఈ జులై నుంచి, సంఘం అనుమతితో, ప్రతి శనివారం భారతి గారు పాఠం చెప్పబోతున్నారు. మొన్న బాధ్యతల అప్పగింతకు వచ్చినప్పుడు ఆమె తన గురువుగారి బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

"సార్, మొదటి దినం ముళ్లగుట్టపల్లెలో నేను చేసిన తప్పే చెప్తాను."

కదిరప్ప గారు కిటికీ వైపు నుంచి చూపు మరల్చి, "చెప్పమ్మా. కింద సంతకం నాదని గూడా చెప్పు" అన్నారు.

ఇటువంటి మనిషితో ఒకే గదిలో ఇన్నేళ్లు కూర్చున్నందుకు మేము గర్విస్తున్నాం. రేపటి నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందంటే బాధపడుతున్నాం. శ్రీ కదిరప్ప గారికి, ఇన్నేళ్లూ ఆయన పరధ్యానాన్ని ప్రేమతో భరించిన శ్రీమతి రామాంజినమ్మ గారికి దేహంలో సత్తువ, మనసుకు నెమ్మది, ఇంట్లో నవ్వులు తరగకుండా ఉండాలని, ఆయన చదువు చెప్పిన బిడ్డల బిడ్డలు కూడా వచ్చి ఆయన మాటలు వినేటంత దీర్ఘకాలం ఆ దంపతులు ఆయురారోగ్యాలతో మా మధ్య వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.