సీటు కింద చెయ్యి

ఇండోనేషియాలోని సోలో పట్టణంలో ఒక వెల్డింగ్ షెడ్డు ముందు, మురుగుకాలువలో పడ్డ సైకిల్‌ని మొగుడూ పెళ్ళాం పైకి లాగారు. వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కేలా వాళ్ళే మార్చుకున్న సైకిల్ అది.

"దీన్ని కోయించెయ్యవే. పాత ఇనుముకి పోనీ."

"రిక్షా అమ్మి దీన్ని చేశాం. ఇదీ పోతే మనం సోయాగింజలు పులియబెట్టి చేసే టెంపే బుట్టలు బజారుకి ఎవరు మోస్తారు?"

"మామూలు సైకిలెక్కుతాను."

"ఎక్కు. నిటారుగా కూర్చుని తొక్కితే కాళ్ళు పడిపోతాయన్నాడుగా డాక్టరు. అప్పుడు బుట్టలతోపాటు నిన్నూ మోస్తాను."

"సీటు వాల్చాం, చైను సరిచేశాం. అయినా పడుతూనే ఉన్నాను. ఇంకేం మిగిలిందే?"

"పడేముందు నీ కుడిచెయ్యి ఎక్కడుంది?"

"హ్యాండిల్ మీద."

"అబద్ధం. సీటు కింద తడుముతోంది. నేను చూశాను."

"రిక్షా బ్రేకు అక్కడేగా ఉండేది. మీసాలు రాకముందు నుంచీ అలవాటు. ఎంత చెప్పినా చెయ్యి వినదే."

"అయితే బ్రేకునే అక్కడికి తెద్దాం. సీట్లో వెనక్కి వాలి చెయ్యి కిందికి చాపు. అందినచోట సుద్దతో గీస్తాను, షెడ్డాయన అక్కడే అతికిస్తాడు."

"గీత వంకరపోతోంది. నా చెయ్యి కదిలిందా?"

"నీది కాదు, నాది. కదలకు."