అంచనాలో లేని విస్తరి

“ఇంటి పైకప్పు మార్చడమంటే పెంకులు దించి పెంకులు ఎక్కించడమేనని సామాన్యులు భ్రమిస్తారు కనకమ్మా! టీ కాస్త చిక్కగా పొయ్యి. అది మహాకావ్య నిర్మాణం. ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా లోకుల తప్పులు దిద్దిన ఈ సర్వేశ్వరరావు తన ఇంటి అంచనాలో ఒక్క దోషమైనా దొర్లనిస్తాడా? తొలుత ఒకే ఒక్క తెల్లకాగితం.”

“ఒక్కటే?” అంది అరకు సంతవీధి టీకొట్టు కనక.

“ఒక్కటే! వాసాలకొక వరుస, మేకులకొక వరుస, చివరికి చెదపురుగులకూ ఒక వరుస. రాయగా రాయగా ఆ పత్రం పెరిగి, వాకిట్లో విప్పితే కొస బొర్రా స్టేషను చేరింది. కిరండూలు బండి డ్రైవరు పట్టాల మీద దాన్ని చూసి, బండి ఆపి, ఆమూలాగ్రం చదివి, కన్నీళ్లు తుడుచుకుని గాని కదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలికొండ మేఘాలు నా గుమ్మంలో చేతులు కట్టుకుని ‘స్వామీ, మాకేమైనా పద్దుందా?’ అని అడిగాయి. ఇరవయ్యో తేదీ దాకా కురవరాదని శాసించాను. కిక్కురుమనకుండా లంబసింగి వెళ్లి కూర్చున్నాయి.”

“మరి నిన్న కురిసిందేటి?”

“అవి అక్షరజ్ఞానం లేని మేఘాలమ్మా.”

బల్ల చివర కూర్చున్న భీముడు, మేస్టారి పక్క గూడెం మనిషి, గ్లాసు దించాడు. “మీ ఇంటికి సగం కప్పు లేదు. ఆ ముక్క సెప్పండి మేస్టారూ.”

“అక్కడికే వస్తున్నాను. మీ గూడెం నుంచి నలభైమంది సాయానికి వచ్చి సగం పెంకులు దించారా? మధ్యాహ్నం కాగానే, ఒక్కొక్కరి పేరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కవర్లలో కూలి పెట్టి అందించాను. నా ఔదార్యానికి నలభైమందికీ గొంతు పూడుకుపోయి, మాట రాక, మౌనంగా కొండెక్కిపోయారు!”

“గొంతు కాదు, కడుపు మండిపోనాది,” అన్నాడు భీముడు. “కప్పెయ్యడానికొచ్చినోడికి మేం కూలివ్వం. కూడెడతాం. ఇంటాయన మాతో కూకుని తింటాడు. మీరు కవర్లిచ్చీసి, లోపలికెల్లి తలుపేసుకుని బోంచేసీసినారు.”

సంచీలోంచి కవర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కటీ చింపలేదు.

పండితుడు పై కవరు మీద తాను రాసిన పేరును వేలితో తడిమాడు. కొండ మీద మబ్బు దిగుతోంది.

“చెదపురుగులకు వరుస కేటాయించాను భీముడూ,” అన్నాడు, చిన్న గొంతుతో. “అన్నానికి కేటాయించలేదు. మూర్ఖశిఖామణిని. రాత్రంతా మా ఆవిడ అప్పలనరసమ్మ మంచం మీద గొడుగు పట్టుకుని కూర్చుంది.”

“అమ్మగారు పొద్దున్నే మా ఇంటికొచ్చీసినారు. మాతో కూకుని సోడంబలి తాగినారు. రేపు మీ ఇంటికాడ వంటకి బియ్యం ఏరతన్నారు, అడ్డాకుల ఇస్తర్లు కుడతన్నారు. నలభై ఒకటి.”

“వచ్చేది నలభైమందే కదా? లెక్క తప్పింది!”

“తప్పలేదు మేస్టారూ. ఆ ఒక్కటీ మీది. మా మజ్జిన కూకుని మీరది ఖాళీ సేసినాకే పెంకులు పైకెక్కుతాయి.”