టెంటు గుంతలు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్. శుభలేఖల అంచులకి పసుపు రాస్తోంది నీలవేణి. కూతురు తనూజ కాలేజీ సంచీ కూడా దించకుండా ఎదురుగా నిలబడింది.

“అయితే నిజమేనా అమ్మా? అక్క పెళ్లి మా యూనివర్సిటీ మైదానంలోనా?”

“అవునే. ఏటి దానికి?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏటి చేస్తావు, ధర్నా చేస్తావా?”

“చేశాను కదమ్మా! పెళ్లిళ్లకి మైదానం అద్దెకివ్వొద్దని గేటు ముందు కూచుని అరిచాను. వీడియో కూడా తీశారు.”

“చూశాం. మా పిల్ల నోరు విప్పిందని మీ నాన్న డ్యూటీలో అందరికీ చూపించారు.”

“చూపించి, మళ్లీ అక్కడే బుక్ చేసీసారా?”

“మరెక్కడ చెయ్యమంటావు? రైల్వే హాలు ఖాళీ లేదు. మంగ్లా వైపు పెళ్లి లాన్‌ల అద్దెలు మనకి అందుతాయా? యూనివర్సిటీకీ ఆదాయం కావాలట. చదివే పిల్లల ఇంటోళ్లకి తగ్గింపు ఇస్తామన్నారు.”

“చదివే పిల్లల... అమ్మా, ఎవరి కార్డు చూపించారు?”

“ఆ పసుపు గిన్నె ఇలాగియ్యి.”

“ఎవరి కార్డు?”

“నీదే. ఇంకెవరిదుంది మనింట్లో?”

“అయ్యో! గేటు బోర్డు మీద నా పేరే రాస్తారు.”

“రాస్తే రాయనీ.”

“ప్రణీత చూస్తుందమ్మా! మొన్న పెళ్లివాళ్లు టెంటు మేకులు పీకి, గుంతలు పూడ్చకుండా పోయారు. పరిగెడుతూ అందులో పడే కదా దాని కాలు విరిగింది! రైల్వే స్పోర్ట్స్ కోటా సెలక్షన్ పోయింది. దానికోసమే కదా మేం కూచున్నాం. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“నువ్వు చెప్పక్కర్లేదు.”

“అంటే?”

“పొద్దున్నే తెలిపారా పేటలో ప్రణీత ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిచీసాను. వాళ్లమ్మ లేదు. కట్టుకాలు కుర్చీ మీద పెట్టుకుని అదొక్కతే ఉంది.”

“మైదానం అని చెప్పావా?”

“నోరు రాలేదే. శుభలేఖ చేతికిచ్చాను. హిందీ వైపు తిప్పి అదే చదువుకుంది.”

“తిట్టిందా?”

“లేదు.”

“ఏడ్చిందా?”

“లేదంటే! నేనే బొట్టు పక్కకి పెట్టీసాను. అదే సరిచేసుకుంది.”

“అచ్ఛా... రానందా?”

“ముందురోజే వస్తానంది. ‘గుంతలెక్కడున్నాయో నాకు తెలుసు పిన్నీ, అక్క కాలు పడకుండా దగ్గరుండి పూడ్పిస్తాను’ అంది.”