బోర్డు మీద లేని పేరు

మిసిసిపీ డెల్టాలో ఒక ఇంటి పెరడు. ఏప్రిల్ ఆఖరి శనివారం, మధ్యాహ్నం. లోపల టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్, అంటే టీములు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే మూడు రోజుల తంతు; దాని ముందు పాతికమంది చుట్టాలు.

"లోపలికి రారా మరి? మా పాస్టర్ గారు కూడా వచ్చారు. ఈ పొయ్యి పొగలో ఏం కూచుంటారు?"

"ఇక్కడే బాగుంది ఎర్లీనమ్మా. నన్ను చూస్తే లోపల అందరూ లేచి నిలబడతారు, మా టీమ్ కబురు తెచ్చాననుకుని."

"తేలేదా?"

"ఎన్నో రౌండు నడుస్తోంది లోపల?"

"ఏడోది. ఆఖరిది. సగమయింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆటగాళ్ళని వెతుక్కుంటూ తిరిగే మనిషి, రౌండు నన్నడుగుతున్నారా వెండెల్ గారూ?"

"దారిలో రేడియో కట్టేశాను."

"అసలు డ్రాఫ్ట్ రోజున మీరు మీ టీమ్ ఆఫీసులో ఉండాలి కదా?"

"ఆ గదిలో కుర్చీలు పెద్దవాళ్ళకే. మాలాగా ఊళ్ళు తిరిగేవాళ్ళు బుధవారం లోగా చెప్పాల్సింది చెప్పి ఇంటికి పోవడమే. కెడ్రిక్ ఎక్కడ?"

"వాడి గదిలో. ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. వాళ్ళ బాబాయి ఆ ఫోన్‌కి అరగంటకోసారి చేసి, 'మోగుతోందో లేదో చూస్తున్నా' అంటున్నాడు. ఇంకోసారి చేస్తే చెంప పగలగొడతానన్నాను."

"నవ్వాడా?"

"ఎవరు, బాబాయా?"

"కెడ్రిక్."

"గురువారం నవ్వాడు. మొదటి రౌండులో అయిదుగురు రిసీవర్లని, వాడిలాగా బంతి పట్టేవాళ్ళని, తీసుకున్నారు కదా, ఒక్కొక్కడి పేరు చదువుతుంటే 'వీడు పొడుగు, వీడిది పెద్ద కాలేజీ, వీడి నాన్న కూడా ఆడాడు' అని చెబుతూ కూచున్నాడు. నా రోజు శనివారం అమ్మా అన్నాడు. మీరే చెప్పారట."

"నేనే చెప్పాను."

"అందుకే నిన్న కూడా నిమ్మళంగా ఉన్నాడు. ఈ పొద్దున నాలుగో రౌండు మొదలయ్యాక కొత్త చొక్కా వేసుకున్నాడు. అయిదోది అయ్యాక విప్పేశాడు. తినండి. ఆ మొక్కజొన్న పిండి తమాలే మా వదిన చేసింది. తినకపోతే మొహం మాడ్చుకుంటుంది."

"తింటున్నానమ్మా."

"ఒకటి అడగనా? ఎప్పుడూ అడగలేదు. మావాడి కాలేజీ పేరు టీవీ వాళ్ళకే పలకడం రాదు. అక్కడికి వచ్చి మీరు ఏం చూశారు వాడిలో?"

"మొదటి రౌండు రిసీవర్ని పట్టడానికి నేనక్కర్లేదు. టీవీ ఉంటే చాలు. అయిదో రౌండు వాడిని పట్టాలంటే కారెక్కాలి. వచ్చి, మీవాడి వైపు బంతి రాని సందర్భాలు ఏరి చూశాను. అరవై మూడు. బంతి అవతలి పక్కకి పోతుంటే చాలామంది రిసీవర్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు. మీవాడు అరవై రెండుసార్లు పరిగెత్తి ఎవడో ఒకడికి అడ్డం పడ్డాడు."

"మిగిలిన ఒక్కటి?"

"బూటు ఊడింది."

"అది పాత బూటు. నాకు తెలుసు ఆ బూటు."

"తర్వాత చేతులు చూశాను. వాళ్ళ టీములో బంతి విసిరే కుర్రాడున్నాడే, వాడు పెరట్లో నిలబడి విసిరితే ఈ ఇంటికి తగలదు. వాడు వీపు వెనక్కి, మోకాళ్ళ కిందికి, ఎక్కడికి విసిరినా మీవాడు పట్టాడు. బాగా విసిరేవాడుంటే ఎవడైనా పడతాడమ్మా. పాడు బంతులు పట్టేవాడి కోసమే నేను ఇన్నేళ్ళు తిరిగింది."

"అంతేనా?"

"అక్కడ బట్టలుతికే ఆవిణ్ణి కూడా అడిగాను. యాభై మందిలో మేజోళ్ళు సరిగ్గా తిప్పి వేసేది వాడొక్కడేనంది."

"అది నేను నేర్పాను. చేపల ఫ్యాక్టరీలో పదిగంటలు నిలబడి వచ్చి, ఇంట్లో మేజోళ్ళు తిప్పే ఓపిక నాకు లేదని చెప్పాను."

"మొదటి రౌండు దాటాక నేను తెచ్చిన రిసీవర్లు ముగ్గురు నిలబడ్డారమ్మా. ఒకడు మూడో రౌండు, ఒకడు అయిదు, ఒకణ్ణి ఏ రౌండులోనూ ఎవరూ తీసుకోలేదు, తర్వాత విడిగా సంతకం చేశాడు. ముగ్గురూ ఎనిమిదేళ్ళకి తగ్గకుండా ఆడారు. మీవాడు నాలుగోవాడు కావాల్సింది."

"కావాల్సిందా?"

"తమాలే బాగుందమ్మా. మీ వదినగారితో చెప్పండి."

"సరే, నేనింకొకటి అడుగుతాను. టీములో డాక్టర్లుంటారు కదా. వాళ్ళు కుర్రాళ్ళని ముందే చూస్తారా, తీసుకున్నాక చూస్తారా?"

"పేరున్న మూడు వందల మందిని ఫిబ్రవరిలోనే పిలిచి చూస్తారు. మీవాడిలాంటి వాళ్ళని తీసుకున్నాకే. ఎందుకు?"

"ఊరికే."

"కూచోండమ్మా. మీకొకటి చెప్పాలి."

"పొయ్యి మీద చేప ఉంది."

"మాడనివ్వండి. మా టీమ్ బోర్డు మీద కెడ్రిక్ పేరు లేదు. బుధవారం తీసేశారు."

"తీసేయడమంటే?"

"గోడ మీద పెద్ద బోర్డు. ఒక్కో కుర్రాడి పేరు ఒక్కో అయస్కాంతపు పట్టీ మీద. మా టీమ్ పెద్దాయన లేచి మీవాడి పట్టీ పీకి, మూల ఉన్న చిన్న బోర్డు మీద పెట్టి, ఎర్ర చుక్క అంటించాడు. ఎర్ర చుక్కంటే ఒంట్లో బాగాలేదని. ఆ మూలకి పోయిన పేరు ఇక ఎవరూ చూడరు."

"మావాడి ఒంట్లో ఏం బాగాలేదన్నారు?"

"తొడ. మార్చిలో టీముల వాళ్ళు కాలేజీకి వచ్చిన రోజు మీవాడు పరిగెత్తలేదు కదా. వెనక తొడ పట్టేసిందని చెప్పాడు. వచ్చిన పద్దెనిమిది మందీ రాసుకున్నారు. అది అందరి కాగితాల్లోకీ ఎక్కింది. మా కాగితాల్లోకి కూడా."

"అవును, చెప్పాడు."

"చెప్పమన్నది నేను."

"తెలుసు."

"తెలుసా? వాడు చెప్పాడా మీకు? చెప్పొద్దన్నానే."

"వాడు నా దగ్గర ఏదీ దాచడు. మీరు చెప్పండి. మీ నోటితో వింటాను."

"ఆ రోజు వాడు పరిగెత్తితే పద్దెనిమిది గడియారాల్లో వాడి వేగం పడుతుంది. పడితే ఎవడో ఒకడు మూడో రౌండులోనే ఎగరేసుకుపోతాడు. మా టీముకి మూడో రౌండులో వేరేవాళ్ళు కావాలి. అందుకని దాచాను. ఈ పనిలో అందరూ చేస్తారమ్మా. దొరికినవాణ్ణి ఎవరికీ కనపడనివ్వకూడదు. అయిదో రౌండులో మేమే తీసుకుంటాం, నా మాట అని చెప్పాను."

"మూడో రౌండు. అంటే నిన్న సాయంత్రం."

"అవును."

"నిన్న సాయంత్రం మా ఇంట్లో ఎవరూ చొక్కా కూడా మార్చుకోలేదు. వాడి వేగం మీకెలా తెలుసు?"

"జనవరిలో నేనొక్కణ్ణే చూశాను. గ్రౌండు తాళం తీయించి, ఎవరూ లేనప్పుడు. నలభై గజాలకి నాలుగు పాయింట్ మూడు తొమ్మిది సెకన్లు. ఒక్క పరుగు చూసి నమ్మకూడదు, గడియారం మీద వేలు తడబడొచ్చు. అందుకని మళ్ళీ పరిగెత్తమన్నాను. నాలుగు పాయింట్ నాలుగు ఆరు. కాస్త అలిసిపోయాడు. అయినా చాలు. రాసుకుని వచ్చేశాను."

"చలి ఆ రోజు. నీళ్ళ తొట్లో మంచు కట్టింది."

"గుర్తుందా మీకు?"

"ఉంది. వెండెల్ గారూ, మీవాళ్ళు ఎర్ర చుక్క పెట్టేటప్పుడు మీరా గదిలో ఉన్నారా?"

"ఉన్నాను."

"ఆ కాలు బాగానే ఉందని చెప్పారా?"

"పదిహేను మందున్నారు గదిలో. డాక్టరున్నాడు. మా పెద్దాయన సంగతి మీకు తెలీదు..."

"చెప్పారా?"

"ఆ మాట చెప్పాలంటే కుర్రాడికి అబద్ధం నేర్పింది నేనేనని చెప్పాలి. ఆ నిమిషానే పొమ్మంటారు. వచ్చే జూన్‌కి నాకు ఈ పనిలో ముప్పై ఏళ్ళు నిండుతాయి..."

"చెప్పారా, లేదా?"

"లేదు. కాఫీ కప్పు తిప్పుకుంటూ కూచున్నాను."

"ప్రభువా!"

"తిట్టండమ్మా. అందుకే వచ్చాను."

"తిట్టే నోరు నాకుందో లేదో తెలీడం లేదు."

"మీకు లేకపోతే ఎవరికుంది? వాడి నోట అబద్ధం పలికించాను. నిజం చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను. గురువారం నిద్ర లేదు. నిన్నా లేదు. ఈ పొద్దున మా పెద్దాయనకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"టీమ్ వాళ్ళ కారు తాళాలు సోమవారం ఇచ్చెయ్యమన్నాడు."

"అయ్యో, వెండెల్ గారూ."

"నా సంగతి వదిలేయండి. కెడ్రిక్ పేరు మళ్ళీ బోర్డు మీద పెడతారా అంటే లేదన్నాడు. అబద్ధమాడిన కుర్రాడు అసలే వద్దన్నాడు. అప్పుడు రస్టీకి చేశాను. వేరే టీములో నా పనే చేస్తున్నాడు. ఇద్దరం పదేళ్ళు ఒకే మోటెళ్ళలో పడుకున్నాం. 'రస్టీ, ఆ కాలు నిక్షేపంగా ఉంది, ఎర్ర చుక్క నేను పెట్టించుకున్నది, మిగతావాళ్ళు వదిలేసిన రిసీవర్ వీడు, నువ్వు తీసుకో' అన్నాను."

"నిక్షేపంగా ఉందన్నారా?"

"నా ఇరవై తొమ్మిదేళ్ళ పేరు మీద ఒట్టేశాను."

"మమ్మల్ని అడక్కుండానా?"

"అడగడానికేముందమ్మా? సరేనన్నాడు. ఏడో రౌండు అయిపోయేలోపు కుర్రాడికి ఫోన్ చేస్తానన్నాడు. మంగళవారం వాళ్ళ ఊరు వెళ్ళి..."

"చెయ్యొద్దని చెప్పండి."

"ఎవరికి?"

"ఆ రస్టీకి. ఇప్పుడే చెయ్యండి. ఫోన్ తీయండి."

"ఎర్లీనమ్మా, మీరు నామీద కోపంతో కుర్రాడి నోటికాడ కూడు..."

"అమ్మా! అమ్మా! ఫోన్! బాబాయి కాదు, నిజం ఫోన్!"

"కెడ్రిక్, అక్కడే ఉండు. మెట్లు దిగొద్దు."

"వెండెల్ సార్! మీరెప్పుడొచ్చారు? మీ పేరే చెప్పాడాయన! రస్టీ అట. విమానం టికెట్ పంపుతున్నారట. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి గ్రౌండులో ఉండాలట. మీరు చెప్పిన వేగం వస్తే అక్కడే సంతకం అన్నాడు!"

"చూశారా అమ్మా? చెప్పానా? రా నాయనా, రా ఇలా."

"నువ్వేమన్నావు వాడితో, కెడ్రిక్?"

"వస్తానన్నాను అమ్మా. ఇంకేమంటాను? లోపల విను, పాస్టర్ గారు ఏడుస్తున్నారు."

"కాలు గురించి అడిగాడా?"

"అమ్మా."

"అడిగాడా?"

"అడిగాడు. వెండెల్ గారు చెప్పిందే అన్నాను. అమ్మా, వద్దు. దణ్ణం పెడతాను. ఇంకా మూడు రోజులుంది. కట్టు కట్టుకుంటాను, మాత్రలేసుకుంటాను."

"ఏం మాత్రలు? ఏంటమ్మా ఇది? కెడ్రిక్, ఆ మెట్ల కమ్మీ వదిలి ఇలా రా."

"పడుకుని లేచాను కదా సార్, తిమ్మిరెక్కింది."

"తిమ్మిరి కాదు. జాక్సన్‌లో డాక్టరు చూశాడు, తొడ కండరం ఎముక దగ్గర తెగింది, కోసి కుట్టాలన్నాడు. ఏ టీమైనా తీసుకున్నాక వాళ్ళ డాక్టర్లే చూసుకుంటారులే అనుకున్నాం. మీరే తీసుకుంటామన్నారు కదా, మీ నెత్తినే పెడదామనుకున్నాం. తప్పు మాదే."

"ఎప్పుడు తెగింది? కెడ్రిక్, నాకెందుకు చెప్పలేదురా? మార్చిలో నేను ఫోన్ చేసినప్పుడు బాగానే ఉన్నావు కదా?"

"అమ్మా, చెప్పకు."

"జనవరిలోనే తెగింది వెండెల్ గారూ, మీరు మళ్ళీ పరిగెత్తమన్నప్పుడు. మీరు పుస్తకంలో రాసుకుని కారెక్కేదాకా వాడు నవ్వుతూ నిలబడ్డాడు. మార్చిలో తొడ పట్టేసిందని అబద్ధం చెప్పమని మీరు ఫోన్ చేసిన రోజు, పరిగెత్తే పని తప్పిందని నా బిడ్డ సంతోషంతో ఏడ్చాడు."