సిగ్నల్ లేని దారులు

“ఇంకెంత దూరమండీ?”

“మూడొందల ఎనభై అడుగులు. ఆ మలుపు తిరిగామంటే నీడ. నీడలో బెంచీ. బెంచీ మీద నువ్వు.”

“నిన్న కూడా ఇలాగే చెప్పి కిలోమీటరు నడిపించారు.”

“నిన్న చెప్పింది నా అడుగుల్లో. నీవి చిన్నవి. సర్వేయర్ పెళ్ళానివి అయ్యుండి ఇన్నేళ్ళకీ ఆ తేడా తెలియకపోతే ఎలా?”

“స్కూలు యూనిఫారాలు కుట్టుకునేదాన్ని, నాకు టేపు లెక్క వస్తే చాలు. అబ్బ, ఏం ఎండండీ ఇది! ఇంకా పదన్నా కాలేదు.”

సముద్రం పక్కన కొండ, కొండ నడుం చుట్టూ కాలిబాట. సెలవులకి వచ్చిన మొగుడూ పెళ్ళాల ఆరోరోజు నడక అది.

“ఇటు చూడు, ఇటు. ఒడ్డు దగ్గర నీళ్ళు ఆకుపచ్చ, ఆ పడవ దాటాక నీలం. గీత గీసినట్టు లేదూ? ఉండు, ఫోటో తీస్తా. టోపీ పైకి లాగు.”

“నిన్న తీశారు, మొన్న తీశారు. ఆ ఫోన్లో నేను తప్ప ఇంకేమైనా ఉందా?”

“నువ్వుంటే చాలదా? నవ్వు.”

“నవ్వాను. టైమెంతండీ?”

“ఎందుకు?”

“ఊరికే.”

“తొమ్మిదీ నలభై. ఎందుకూ?”

“ఊరికే అన్నాగా! మీరు మాత్రం ఇందాకట్నుంచి నాలుగుసార్లు వాచీ చూసుకోలేదా?”

“ఎండ ముదరకముందే బెంచీ చేరాలని. అయినా నీ ఫోన్ తెచ్చుకుని ఉంటే టైము నన్నడగక్కర్లేదు.”

“ఛార్జర్ ఇంట్లో మర్చిపోయానని మొదటిరోజే చెప్పాను.”

“లాడ్జిలో అడిగితే ఇస్తారు కదా అని నేనూ చెప్పబోయాను...”

“చెప్పబోయి ఊరుకున్నారు. మంచి పని చేశారు. ఫోన్ లేకపోతే ప్రాణం హాయిగా ఉంది. మీది కూడా అలాగే ఉంచండి, ఆ ఫ్లైట్ మోడ్లోనే.”

“నేను తీస్తేగా!”

“తీయొద్దు.”

“తీయనంటున్నాగా. ఇదిగో, వచ్చేశాం. కూర్చో.”

“అమ్మయ్యా... మోకాలు కాదిది, కిర్రు తలుపు. నీళ్ళ సీసా ఏదీ?”

“బ్యాగు పక్క జేబులో. అది కాదు. అటు పక్క. అటు... ఆ జేబు కాదు! అది వదిలెయ్!”

“ఎందుకలా అరుస్తారు? ఏమిటీ పుస్తకం?”

“నా నోట్సులే. ఇటివ్వు.”

“ఉండండి. ‘మూడోరోజు. లైట్‌హౌస్ దారి. రానూపోనూ నాలుగువేల రెండొందల అడుగులు. నీడ: సగం. నీళ్ళు: కుళాయి ఒకటి. సిగ్నల్: లేదు.’ సెలవుల్లో కూడా కొలతలేనా మీకు?”

“అలవాటే, ఏం చెయ్యను? ఇచ్చెయ్ ఇంక.”

“‘నాలుగోరోజు. జలపాతం. నీడ: పూర్తిగా. సిగ్నల్: లేదు.’ ‘ఐదోరోజు. మడ అడవి, చెక్కవంతెన. సిగ్నల్: లేదు. చివర కొట్టు దగ్గర రెండు గీతలు. అటు పోరాదు.’ పోరాదేంటండీ?”

“ఏనుగులు.”

“ఏనుగులా! చెక్కవంతెన మీద?”

“అంటే... ఉండొచ్చని.”

“అందుకేనా నిన్న నేను జీడిపప్పు కొనుక్కుంటానంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు? సరే, ఇదెప్పుడు రాశారు?”

“నడిచొచ్చాక. రాత్రి.”

“అబద్ధం. ఇవాళ్టిది కూడా ఉంది. ‘ఆరోరోజు. కొండ నడుం బాట. బెంచీ వరకు సిగ్నల్ లేదు. పైన జెండా దిమ్మె దగ్గర నాలుగు గీతలు. బెంచీ దగ్గరే ఆపాలి.’ మనం ఇప్పుడే వచ్చి కూర్చున్నాం. మీ పుస్తకం మనకంటే ముందే వచ్చి వెళ్ళిందా?”

“పొద్దున్నే షుగర్ నడకకి వస్తాను కదా, అప్పుడేదో...”

“రోజూ ఐదింటికి లేచి వెళ్ళేది ఇందుకా? పాపం, ఒంటి మీద శ్రద్ధ వచ్చిందని నేను సంతోషపడ్డానే! ఈ దారులన్నీ ముందే కొలిచొచ్చి, ఎక్కడ ఫోన్ మోగదో చూసుకుని, ఆ తర్వాత నన్ను తీసుకొస్తున్నారా?”

“ముప్ఫై ఏళ్ళు కొలతల పుస్తకం రాసిన చెయ్యి. గడి ఖాళీగా వదలడం రాదు దానికి. అదే నా ఖర్మ.”

“మాట మార్చకండి. సినిమాకి తీసుకెళ్ళమంటే నడుం నొప్పి అనే మనిషి, ‘పదవే, సముద్రం చూద్దాం, కొండలు చూద్దాం’ అంటే ఏదో అనుకున్నాను. ఎవరి ఫోన్ రాకూడదు మీకు? ఎవరావిడ?”

“ఆవిడా! నీకు మతి పోయిందా? ఈ మోకాళ్ళకి, ఈ షుగర్‌కి తోడు ఒక ఆవిడ కూడానా?”

“మరైతే ఎవరు?”

“చెబితే నువ్వు...”

“చెప్పకపోతే ఈ పుస్తకం సముద్రంలో ఉంటుంది. విసురుతున్నా.”

“ఆగు! ఆగు. చిట్టి.”

“చిట్టికేమైంది? ఏమైందండీ నా కూతురికి?”

“ఏం కాలేదు, కూర్చో. అది బాగానే ఉంది. ఇవాళ పదకొండింటికి రిజిస్ట్రార్ ఆఫీసులో దాని పెళ్ళి. మనం వద్దన్న ఆ అబ్బాయితోనే. తిట్టు. ఆ సీసాతో కొట్టు. అలా చూడకు నన్ను.”

“మీకెవరు చెప్పారు?”

“అదే చెప్పింది. పోయిన నెల ఫోన్ చేసి. ‘నాన్నా, నీకొక్కడికే చెబుతున్నాను. అమ్మకి చెప్పొద్దు, అమ్మ తట్టుకోలేదు’ అంది.”

“మళ్ళీ చెప్పండి. అవే మాటలు చెప్పండి.”

“నీకొక్కడికే చెబుతున్నాను, అమ్మకి చెప్పొద్దు. ఎందుకు మళ్ళీ?”

“నన్నిలా ఊరు దాటించమని కూడా అదే చెప్పిందా?”

“లేదు లేదు. అది నా సొంత తెలివి. నా ఫోన్లో ఫ్లైట్ మోడ్ నువ్వెప్పుడైనా తీసేస్తావేమోనని ఈ దారులు కూడా. నీకు ఎలాగోలా తెలిసిపోయి, ఆ ఆఫీసు గుమ్మంలో కూర్చుని నువ్వు ఏడుస్తుంటే, అది పెళ్ళిపీట... కుర్చీలోంచి లేచొచ్చి నీ కాళ్ళు పట్టుకుంటుంటే... ఆ దృశ్యం నేను చూడలేననిపించింది.”

“అందుకని నన్ను తీసుకొచ్చి ఈ కొండకి కట్టేశారు. ‘టోపీ పైకి లాగు, నవ్వు’ అంటూ. ఇవాళ పొద్దున్న కూడా నవ్వించారు!”

“నేను మాత్రం వెళ్ళానా? నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళి నేనూ వదులుకున్నానుగా!”

“కాపలా కాసేవాడు ఎలా వెళ్తాడు మరి?”

“ఎంత మాటన్నావు! సరే, అను. పడతాను. ఏయ్... నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? ఏమైంది?”

“నా హ్యాండ్‌బ్యాగు తీసుకోండి. అడుగున చూడండి. రుమాలు మూట ఒకటుంటుంది, విప్పండి.”

“ఛార్జర్! మర్చిపోయానన్నావు...”

“మర్చిపోలేదు.”

“అంటే?”

“నాకూ చెప్పింది. పోయిన నెలే. ‘అమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను. నాన్నకి చెప్పొద్దు, నాన్న గొడవ చేస్తాడు’ అని. పదకొండింటికనే చెప్పింది. మిమ్మల్ని ఏ వంకతో ఊరు దాటించాలా అని నేను కంటి మీద కునుకు లేకుండా ఉంటే, మీరే వచ్చి సముద్రం అన్నారు. నేను మురిసిపోయింది సముద్రానికి కాదు.”

“అంటే నువ్వు నన్ను...”

“ఆ. నేనూ మిమ్మల్నే.”

“ఒసేయ్! ఆరు రోజులు! ఈ ఎండలో! రోజూ చీకటితో లేచి ముందు ఒకసారి, నీతో ఒకసారి! అరికాళ్ళు బొబ్బలెక్కాయే నాకు!”

“నేను మాత్రం కాళ్ళీడ్చుకుంటూ రాలేదా? ‘ఇంకొంచెం దూరం వెళ్దామండీ’ అని నిన్న జలపాతం దాటించింది ఎవరనుకున్నారు? అక్కడ ఎవరి ఫోనో మోగింది, వేరే కంపెనీదేమో. మీ చేతిలో ఫోన్ చూసి, మీకే వచ్చిందనుకున్నాను.”

“జలపాతం మొన్న.”

“మొన్నే. ఇప్పుడు తారీఖులు దిద్దుతారా?”

“నేనెప్పుడు గొడవ చేశానట?”

“‘ఒకసారి పెళ్ళై విడిపోయినవాడు నా గుమ్మం తొక్కితే నేను మనిషినే కాను’ అన్నది ఎవరు? ఆ పిల్ల ఎదురుగా?”

“నువ్వు కంచం నేలకేసి కొట్టావు గనక అన్నాను! నీ పక్షాన నిలబడకపోతే ‘నా మొగుడు కూడా నా మాట కాదన్నాడు’ అని బాధపడతావని.”

“మీ మొహం మాడిపోయింది గనక నేను కొట్టాను! మీకు ముందే బీపీ. మీరు నోరు తెరవకముందే నేను తిట్టేస్తే అయిపోతుంది కదా అని. ఆ అబ్బాయి మీద నాకేం కోపం? వచ్చిన రోజే నా కుట్టు మిషన్లో విరిగిన సూది ముక్క పట్టకారుతో తీసిపెట్టాడు. మీరు పదిరోజుల్నుంచి చూస్తా చూస్తా అంటున్న ముక్క.”

“వాడు... నా పాత కొలత గొలుసు చూసి ఎన్ని లింకులుంటాయంకుల్ అని అడిగాడు. మనింట్లో ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారా ఆ మాట? వంద అని చెబితే, కూర్చుని లెక్కపెట్టాడు కూడా.”

“మరి నాతో అనలేదేం?”

“నువ్వన్నావా?”

“నన్ను నమ్మలేదు మీరు. కూతురి పెళ్ళి పాడుచేసే మనిషిననుకున్నారు.”

“నువ్వు నన్ను రౌడీననుకోలేదా?”

“అనుకున్నాను. తప్పే. మీరూ నేనూ ఇంటికెళ్ళి కొట్టుకుందాం, చాలా టైముంది. అసలు దాన్ని అనాలి. మీ దగ్గర ఒక మాట, నా దగ్గర ఒక మాట చెప్పి, ఇద్దర్నీ ఒకరి మీద ఒకర్ని కాపలా పెట్టి, హాయిగా పెళ్ళి చేసుకుంటోంది! మొగుడు దాచాడంటే సరే, మగాడు. అది దాచింది. జ్వరమొస్తే నా చీరకొంగు పట్టుకుని పడుకున్న పిల్ల.”

“దానికి మనిద్దరం అక్కర్లేకపోయాం. అంతే. ఎవరో ఒకర్నైనా రమ్మంటుందేమో అని చివరిదాకా చూశాను నేను.”

“మీకు ఏడుపొస్తే తుడుచుకోండి. ఎవరూ లేరిక్కడ. టైమెంత?”

“పదీ ఇరవై ఐదు.”

“ఆ జెండా దిమ్మె ఎంత దూరం?”

“ఆరొందల నలభై అడుగులు. నావి. అంతా ఎక్కుడే.”

“పదండి. ఆ ఫ్లైట్ మోడ్ తీసెయ్యండి.”

“నీ మోకాలు...”

“మోకాలు ఎక్కడికీ పోదు. పదకొండయితే చిట్టి చెయ్యి దాటిపోతుంది. ఒక్క మాట అడగాలి దాన్ని. మేమేం పాపం చేశామని మమ్మల్ని వద్దనుకున్నావని. అడిగి పెట్టేస్తాను.”

“పెళ్ళిరోజు ఏడిపిస్తావా దాన్ని?”

“అది నన్నేడిపించలేదూ? చెయ్యివ్వండి.”

“కోపంగా ఉన్నావుగా నా మీద.”

“కోపంగానే పట్టుకుంటాను. ఇవ్వండి.”

“మెల్లగా. ఆ రాయి కదులుతుంది, పొద్దున నేను జారాను. కుడికాలు ముందు. ఆ... అదీ.”

“ఒచ్చిందా? చూడండి ఒచ్చిందేమో.”

“ఇంకా లేదు. ఇంకో యాభై.”

“ఊపిరి... ఆడట్లేదండీ.”

“కూర్చుందామా?”

“వద్దు. నడవండి.”

“ఒక గీత. రెండు. ఇదిగో, నాలుగూ ఒచ్చాయి! ఎవరం మాట్లాడదాం?”

“నేను. కాదు, మీరు. కాదు కాదు, నేనే. స్పీకర్ పెట్టండి.”

“మోగుతోంది.”

“హలో నాన్నా! హమ్మయ్య, ఇప్పటికి కలిసింది! ఎక్కడిదాకా వచ్చారు?”

“నేనే... నేను అమ్మని. చూడు చిట్టీ, నేను నిన్నొక్క మాట...”

“ఏంటమ్మా ఆ రొప్పు? మెట్లెక్కుతున్నారా? లిఫ్టు పాడైందమ్మా, మూడో అంతస్తు. కంగారు లేదు, ఆగి ఆగి రండి.”

“మెట్లా?”

“నాన్నా, నువ్వూ పక్కనే ఉన్నావా? ఉన్నావులే, నీ దగ్గు వినబడుతోంది. ఇద్దరూ కలిసి ఫోన్లు ఆపేసుకుంటే నాకు తెలియదనుకున్నారా? పక్కింటి పిన్నిగారికి చేశాను. ‘మీ అమ్మా నాన్నా మంచి బట్టలన్నీ పెట్టెల్లో సర్దుకుని నవ్వుకుంటూ బయల్దేరారమ్మా, ఎక్కడికంటే చెప్పలేదు’ అంది. నాకు అప్పుడే అర్థమైపోయింది.”

“ఏం... ఏం అర్థమైంది తల్లీ?”

“వస్తున్నారని! సాక్షుల గళ్ళలో ఇంకెవరి పేర్లూ రాయనివ్వలేదు. ముందు వరసలో రెండు కుర్చీల మీద నా బ్యాగూ ఆయన చొక్కా సంచీ పెట్టి, అడిగినవాళ్ళందరితో పోట్లాడుతూ కూర్చున్నాను.”

“చిట్టీ, నువ్వు... అమ్మకి చెప్పొద్దన్నావు కదమ్మా నాతో.”

“అన్నాను.”

“నాతో నాన్నకి చెప్పొద్దన్నావు.”

“అదీ అన్నాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి రమ్మంటే, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇద్దరూ రామనేవాళ్ళు. విడివిడిగా చెబితే మాత్రం ఆ రాత్రే ఒకరికొకరు చెప్పేసుకుని, ఇద్దరూ కలిసి వస్తారని తెలుసు నాకు. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను, మీరిద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఒక్క మాటైనా దాచుకోగా నేనెప్పుడు చూశాను గనక? అదిగో, మా పేర్లు పిలుస్తున్నారు, నేను కాసేపు ఆపుతాలే... ఎన్నో మెట్టు మీదున్నారు?”