మూలనే గుమ్మం

మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతున్న అత్త కోసం కింద వంటగదిని ఆనుకుని ఒక గది కట్టిస్తున్నారు. వంటగదిలోకి గుమ్మం సరిగ్గా మూలనే రావాలని ఆవిడ నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. ఇంజనీరైన కోడలు అది చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“అత్తయ్యా, మూలకీ గుమ్మానికీ మధ్య కనీసం రెండడుగుల గోడ ఉండాలి. పైకప్పు బరువు మోసేది అదే.”

“ఆ రెండడుగులకే కొంప మునుగుతుందా?”

“మునగదు, కూలుతుంది.”

“చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెయ్యవే.”

“అసలు మూలనే ఎందుకు? నిజం చెప్పండి.”

అత్త సుద్ద అంటిన వేళ్లకేసి చూసుకుంది.

“అక్కడైతే మంచం మీంచి పొయ్యి దగ్గర నువ్వు కనిపిస్తావు. పొద్దున్నే నీతో నాలుగు మాటలు మాట్లాడకపోతే నాకు తోచదు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా! పొయ్యిని అటు గోడకి మారుస్తాను. అప్పుడూ కనిపిస్తాను.”

“అక్కడ నువ్వు ముచ్చటపడి చేయించుకున్న అలమర ఉంది కదే!”

“అలమర తీసేస్తే ఇల్లేమీ కూలదు.”

అత్త గీతను అరచేత్తో తుడిచేసి, సుద్దముక్క కోడలి చేతిలో పెట్టింది.

“నువ్వే గియ్యవే తల్లీ. నాకిప్పుడు నేల సరిగ్గా కనబడటం లేదు.”